తోమసా ఇంటి తలుపుకి కొత్త రంగు

ఎవరార్దో చేసిన పొరపాటల్లా ఒక్కటే. అడిగాడు.

సాంతా రీతా కొండ ఊళ్లో తలుపుని ఫొటో తీయడానికి ఎవరూ ఎవరినీ అడగరు. పొద్దున్నే బస్సు దిగినవాళ్లు దిగినట్టే మెడలో కెమెరాలతో వీధుల మీద పడతారు. నిమ్మపండు రంగు గోడ ముందు ఒకరు, నీలం కిటికీ ముందు ఇంకొకరు. చర్చి మెట్ల మీద వెల్లకిలా పడుకుని గంటగోపురాలను తీసే మహానుభావుడు మరొకడు. మధ్యాహ్నానికి ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలెలు తిని, వేళ్లు నాక్కుంటూ మళ్లీ బస్సెక్కుతారు.

ఎవరార్దో ఈ ఊళ్లోనే పుట్టాడు. ఇరవై ఏళ్లుగా ఈ వీధులనే తీస్తున్నా మోజు తీరలేదు పిచ్చివాడికి. వాన వెలిశాక గుండ్రాళ్ల బాట మీద గోడల రంగులన్నీ కరిగి పారుతుంటే, తిండి కూడా మరిచిపోయి అక్కడే నిలబడిపోతాడు. చివరికి రాజధానిలో పుస్తకాలు వేసేవాళ్లు అతని ఫొటోలతో ఒక పుస్తకం వేస్తామన్నారు. లోపలి పేజీలన్నీ అయిపోయాయి. అట్ట మీది బొమ్మ ఒక్కటే మిగిలింది. సోమవారానికల్లా అది అందకపోతే పుస్తకం ఏడాది వెనక్కి పోతుంది.

అట్ట మీదికి ఏది వెయ్యాలో ఎవరార్దో ఎప్పుడో తేల్చుకున్నాడు. చర్చికి ఎదురుగా ఉన్న తోమసా ఇంటి తలుపు. దాని మీద ఎన్ని రంగులున్నాయో దేవుడికే తెలియాలి. ఎరుపు పెచ్చులూడిన చోట పసుపు, పసుపు పోయిన చోట ఆకుపచ్చ, దాని కింద ఇంకేదో. చలికాలపు పొద్దుటి ఎండ చర్చి గులాబిరాతి గోడ మీద పడి, ఆ గులాబి వెలుగు ఎదురుగా ఉన్న తలుపు మీదికి వాలుతుంది. అబ్బ, ఆ కాసేపూ చూడాలి ఆ తలుపుని! ఎన్నిసార్లు తీసినా ఆ వెలుగు మాత్రం ఇంతవరకూ ఫొటోకి చిక్కలేదు. ఆ వారమంతా మంచు కమ్మి ఎండ మొహమే కనబడలేదు. ఇక మిగిలింది ఆదివారం పొద్దున్న ఒక్కటే.

ఎంతైనా పుస్తకం అట్ట కదా, మర్యాదగా ఉంటుందని శనివారం మధ్యాహ్నం వెళ్లి తలుపు తట్టాడు. తోమసా జావ గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది. భర్త పోయాక మొక్కజొన్న జావ కాచి చర్చి మెట్ల దగ్గర అమ్ముకుంటోంది ఆవిడ.

"పెద్దమ్మా, రేప్పొద్దున మీ తలుపు ఫొటో తీసుకోనా? నా పుస్తకం అట్ట మీదికి."

"ఈ దిక్కుమాలిన తలుపా? నీ కళ్లకేమైనా అయిందేంట్రా?"

"ఊళ్లో ఇంత అందమైన తలుపు ఇంకోటి లేదు. నువ్వేం చెయ్యొద్దు పెద్దమ్మా. ఉన్నదున్నట్టు ఉంచు, చాలు."

"సరేలే, సరేలే, నాకు తెలుసులే," అంది తోమసా.

ఆ ఊళ్లో భోజనానికి వచ్చేవాడు కూడా 'ఏం చెయ్యొద్దు' అనే వస్తాడు. అన్నాడు కదా అని చేతులు కట్టుకుని కూర్చునే ఇల్లాలు సాంతా రీతాలో ఇంతవరకూ పుట్టలేదు. ఈ సంగతి ఎవరార్దోకి తెలియక కాదు. సంతోషంలో ఉన్నవాడికి బుర్ర పనిచెయ్యదు, అంతే.

ఆదివారం ఆకాశం కడిగినట్టు ఉంది. ఎవరార్దో ఈల వేసుకుంటూ వీధి మలుపు తిరిగాడు. ముందు రంగు వాసన తగిలింది. తర్వాత తలుపు కనబడింది.

నీలం. పైనుంచి కిందిదాకా, కొత్త లారీలా తళతళా మెరిసిపోతున్న నీలం! పక్కింటి వడ్రంగి నికనోర్ అరుగు మీద కూర్చుని బ్రష్షులు కడుగుతున్నాడు. తోమసా పండగ శాలువా కప్పుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంది. నెరిసిన జుట్టు నిండా నీలం చుక్కలే.

"ఎలా ఉందిరా?"

ఎవరార్దోకి ప్రాణం ఉసూరుమంది. "ఎంత పని చేశావు పెద్దమ్మా! నా కొంప ముంచావు కదా! ఉన్నదున్నట్టు ఉంచమని చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

తోమసా మొహం చిన్నబోయింది. నికనోర్ బ్రష్షు పక్కన పడేశాడు. "బాగుందయ్యా వరస! నిచ్చెన ఎక్కొద్దు మొర్రో అంటే వినకుండా, పొద్దుపోయేదాకా నిలబడి వేసింది. థాంక్సు చెప్పడం మానేసి అరుస్తావా?"

"నువ్వుండు నికనోర్," అంది తోమసా. ఎవరార్దో వైపు తిరిగింది. "ఒరేయ్, ఈ తలుపుని ఎంతమంది ఫొటో తీశారో నాకు తెలుసు. లోపల్నుంచి అన్నీ వినబడతాయి. మధ్యలో తలుపు తీస్తే వాళ్ల ఫొటో పాడవుతుందని, జావ కుండ చేత్తో పట్టుకుని వాళ్లు పోయేదాకా వెనకాలే నిలబడేదాన్ని. నువ్వూ తీశావుగా, ఎన్నిసార్లో! ఇన్నేళ్లలో తట్టి అడిగింది నిన్న నువ్వొక్కడివే. అడిగినవాడికి మాసిపోయిన తలుపు ఇస్తానట్రా?"

సిగ్గుతో ఎవరార్దో చెవులు కాలిపోయాయి. "పాత రంగంతా గీకేశారా?" అని మెల్లగా అడిగాడు.

"గీకే ఓపిక ఎవడికుందిరా? మీదే వేసేశాం. అన్నీ కిందే ఉన్నాయి. ఆ ఆకుపచ్చ మా అమ్మది, బిషప్పు గారు ఊళ్లోకి వచ్చినప్పుడు వేసింది. పసుపు నా పెళ్లికి. ఎరుపు మా అబ్బాయి బారసాలకి మా ఆయన వేశాడు. నీలం నీకు."

ఇన్నేళ్లూ తను పెచ్చుల అందమనుకుని మురిసిపోయింది దేన్ని చూసో ఎవరార్దోకి అప్పుడు తెలిసింది. అవన్నీ ఎవరో ఒకరి కోసం ఇల్లు ముస్తాబు చేసుకున్న రోజులు. ఆ ముసలి ప్రాణం మీద అతనికి ఎంత గౌరవం కలిగిందంటే, వంగి ఆ రంగు చేతుల్ని కళ్లకద్దుకోవాలనిపించింది.

అంతలో చర్చి గోడ మీద ఎండ పడింది. గులాబి వెలుగు వీధి దాటి వచ్చింది. ఇంకా ఆరని నీలం మీద, తోమసా బుగ్గల మీద వాలింది.

"పెద్దమ్మా, కదలకు. అక్కడే నిలబడు."

"నేనెందుకురా? జుట్టంతా రంగు! నిన్న తలుపు ఒక్కటే కదా అడిగావు?"

"ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను."

తోమసా చేతులు శాలువాకి తుడుచుకుని, గడ్డం కాస్త పైకెత్తి, తలుపు ముందు నిలబడింది.

కొత్త రంగేమిటని రాజధాని వాళ్లు మొదట సణిగారు. బొమ్మని కాసేపు చూశాక నోరు మూసుకుని అట్ట మీద వేశారు. ఇప్పుడు బస్సు దిగినవాళ్లలో కొందరి చేతిలో ఆ పుస్తకం ఉంటోంది. వెతుక్కుంటూ నీలం తలుపు దగ్గరికి వస్తారు, కెమెరా ఎత్తుతారు. తలుపు మూసి ఉంటుంది. అట్ట వైపోసారి, తలుపు వైపోసారి చూసి, కెమెరా దించి, వెళ్లి తడతారు.

"వస్తున్నా, వస్తున్నా!" అని లోపల్నుంచి కేక వినబడుతుంది. "జుట్టు దువ్వుకోనివ్వండి నాయనా!"