ఉరుకు దెబ్బ

దొర మీటింగుకు నా బండే గద్దె అయింది. నా బండినీ మా పాలివాడి బండినీ గడి ముందరికి తోలించి, ఎడ్లను విప్పించి, నొగల కింద రాళ్ళు పెట్టి, పైన తలుపు చెక్కలు పరిచి జంపఖానా వేశారు. కిరాయి మాట ఎవరూ ఎత్తలేదు. గడికి బండి కడితే కిరాయి అడిగే అలవాటు దొరల మీద తిరగబడ్డ సంగం రోజుల్లో మా ఊరికి వచ్చింది, మిలిట్రీ వచ్చాక మళ్ళీ పోయింది. ఎడ్లను గోడ నీడకు కట్టేసి నేను వాటి దగ్గర కూర్చున్నాను.

తెల్లారితే ఓట్లు. మా ఊళ్ళో ఎవరూ అంతకుముందు ఓటు వేసి ఎరగరు. చిట్యాల బడిలో డబ్బాలు పెడతారని, నిలబడ్డ మనిషికొక డబ్బా అని, డబ్బా మీది బొమ్మ చూసి చీటీ వేయాలని చెప్పారు. అందులో ఒక డబ్బా మా దొరది. రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు వాళ్ళకు గడిలో కోళ్ళు కోయించిన దొర. తర్వాత సంగానికి భయపడి పట్నం పారిపోయి, పోలీసు యాక్షన్ అయ్యాక మిలిట్రీ జీపు వెనకాల తిరిగొచ్చిన దొర. ఇప్పుడు తెల్ల ఖద్దరు తొడిగాడు.

నాకు నాలుగడుగుల దూరంలో, ఊరికి చెప్పులు కుట్టి డప్పు కొట్టే ఐలేశం జొన్నచొప్ప మంట పెట్టి డప్పు కాచుకుంటున్నాడు. పుష్యమాసపు చలికి తోలు మెత్తబడుతుంది, కాచకపోతే పలకదు. భార్య బాలనర్సమ్మ చొప్ప అందిస్తోంది. దొర పనులన్నీ చూసే రఘుపతి వచ్చి వాళ్ళ మీద నిలబడ్డాడు.

"ఐలేశం, జాతర దరువు కొట్టాలె. పక్కూరోళ్ళు గూడ ఉరికి రావాలె."

"కొడ్త అయ్యా."

"దొర మాట్లాడి దిగేదాక జనం నిండుగ ఉంటే, పొద్దుగాల పోయి నీ ఆముదం నువ్వు కోసుకో. దొరతోని నేను చెప్త. లేకుంటే గా చేను మొకం చూడకు."

ఆ చేను వాగు పక్కన ఎకరం బంజరు. సంగం వాళ్ళు ఐలేశానికి పంచి ఇచ్చారు. మిలిట్రీ వచ్చాక దొర మనుషులు మళ్ళీ హద్దురాళ్ళు పాతారు. అయినా ఐలేశం తొలకరికి ఆముదం చల్లాడు, ఎవరూ అడ్డు రాలేదు. కాయ ముదిరాక అడ్డు వచ్చారు.

రఘుపతి అటు పోగానే బాలనర్సమ్మ అంది, "జాతర దరువట. యాదికున్నదా?"

"చేతులకుంటది."

"నీ చేతులకు ఇన్నేండ్ల సంది ఒక్కటే దెబ్బ తెలుసు."

ఆ మాట నిజమే. చావుకొక దెబ్బ, పెండ్లికొక దెబ్బ, చాటింపుకొక దెబ్బ ఉన్నట్టు, ఆ కాలంలో మా ఊరికి ఇంకొకటి పుట్టింది. సడక్ మలుపు దగ్గర దుమ్ము లేస్తే ఐలేశం ఆగకుండా గబగబా ఒకే తీరుగా కొట్టేవాడు. మేము దాన్ని ఉరుకు దెబ్బ అనేవాళ్ళం. అది వింటే చేతిలో ముద్ద చేతిలోనే వదిలి, పిల్లల్ని ఎత్తుకుని గుట్ట వెనక సీతాఫలం చెట్లలోకి పోవాలి. ముందు రజాకార్లకు కొట్టాడు, తర్వాత మిలిట్రీకి కొట్టాడు. ఆ ఏండ్లలో జాతర ఒక్కటి జరగలేదు.

పొద్దు వాలేసరికి జనం బాగానే వచ్చారు. గడి ముందు చెప్పులతో నడవకూడదన్న కట్టు మళ్ళీ అమల్లోకి వచ్చింది కాబట్టి మైదానం అంచున చెప్పులు విడిచి, లోపల నేల మీద కూర్చున్నారు. ఐలేశం దరువు అందుకున్నాడు. మొదట తడబడ్డాడు, తర్వాత కుదిరింది. ముసలివాళ్ళ తలలు ఊగాయి. ఎవరో ఈల కూడా వేశారు.

అప్పుడు సడక్ మలుపు దగ్గర దుమ్ము లేచింది. దుమ్ములోంచి జీపు, దాని వెనక పోలీసుల వ్యాను.

నేను ఐలేశాన్నే చూస్తున్నాను. కండ్లు అటు తిరిగాయి. మొహం మారలేదు. చేతులు మారాయి. దరువు మధ్యలోనే తెగి ఉరుకు దెబ్బ అయింది.

ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకున్నారు, మగవాళ్ళు గొంగళ్ళు భుజాన వేసుకున్నారు. ఊపిరి తీసి విడిచేలోపు మైదానం ఖాళీ. నేను కూడా లేచి పలుపులు విప్పబోయి, బండి మీద గద్దె చూసి ఆగాను. ఇక మిగిలింది ఐలేశం, బాలనర్సమ్మ, మోకాళ్ళు పట్టుకుపోయిన వెంకటనర్సమ్మ అవ్వ. అంచు పొడవునా వరసగా చెప్పులు.

రఘుపతి గద్దె దూకి వచ్చాడు. "దొరొస్తుంటే ఉరుకు దెబ్బ కొడ్తవారా?"

"నేను కొట్టలే అయ్యా. చేతులు దుమ్ము చూసినయి."

దొర జీపు దిగాడు. మైదానం చూశాడు, చెప్పులు చూశాడు, అవ్వ దగ్గరికి వచ్చాడు.

"అందరేరే ముసలి?"

"ఉరికిన్రు దొర. మోకాళ్ళుంటే నేను గూడ ఉరుకుదు."

"నన్ను చూసి ఉరుకుడేంది? నేనేమన్న పులినా?"

"పులికి జీపుండదు దొర."

దొర నవ్వాడు. అలాంటి మాటకు దొర నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. తెల్లారితే ఓట్లు కదా. నవ్వుతూనే ఐలేశం వైపు తిరిగి, వాపసు పిలిచే దెబ్బ కొట్టమన్నాడు.

"గా దెబ్బకు వాపసు దెబ్బ లేదు దొర. ముప్పు పోయినంక నేనే గుట్ట కాడికి పోయి చెప్త. నేను చెప్తేనే దిగుతరు."

"అయితే పోయి చెప్పు."

ఐలేశం జీపు వైపు చూశాడు, వ్యాను వైపు చూశాడు. డప్పు భార్య చేతికిచ్చాడు. రఘుపతి అతని చెవి దగ్గరికి వంగి, "నీ ఆముదం యాదికుంచుకో" అన్నాడు. తర్వాత నాతో, "బుచ్చయ్యా, నువ్వు గూడ పో. వీడు జారిపోతడు" అన్నాడు.

గుట్టకు దోవ ఆ చేను గట్టు మీదుగానే. ఐలేశం ఆగి ఒక గెల వంచి చూశాడు. అడుగు కాయలు అప్పటికే పగులుతున్నాయి.

"రేపో మాపో కొయ్యకుంటే గింజంత మన్నుల రాల్తది" అన్నాడు.

"పోయి పిలువరాదు. ఏమైతది, మీటింగే గదా" అన్నాను.

అతను గెలను మెల్లగా వదిలాడు. "మీటింగుకైతే పిలుద్దును పటేలా. గుట్ట కాడ నేను నిలబడ్డనంటే ముప్పు పోయిందని లెక్క. గా మాట నమ్మి పసిపిల్లల్ని ఎత్తుకొని దిగుతరు. ఇన్నేండ్లల్ల ఒక్కపారి గూడ వాళ్ళ జీపు ఊర్ల ఉండంగ నేను గుట్ట కాడికి పోలే."

నేను అతని వెనకే గట్టు దిగాను.

గుట్ట వెనక చెట్లలో జనం ఒదిగి కూర్చుని ఉన్నారు. పిల్లల నోళ్ళకు చేతులు అడ్డం పెట్టారు. ఐలేశాన్ని చూసి కొందరు లేచారు. అతను చెయ్యెత్తి ఆపాడు.

"జర ఆగుండ్రి. వచ్చింది దొర. ఎనుక పోలీసులున్నరు. ముప్పు పోయిందని నేను చెప్తలేను. మీటింగుకు రమ్మంటున్నరు, గది చెప్తున్న. ఇగ మీ ఇష్టం."

లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. చివరికి నా మరదలు లక్ష్మీనర్సమ్మ పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది.

"నా చెప్పులు గాడనే ఉన్నయి."

"ఊరందరియి గాడనే ఉన్నయి" అని ఎవరో అన్నారు. నవ్వు ఒక్కరి నుంచి ఒక్కరికి పోయింది. తర్వాత ఒక్కొక్కరే దిగారు. ఈసారి ఎవరూ ఉరకలేదు.

మైదానం అంచుకు వచ్చి ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కున్నారు. మా కట్టు ప్రకారం వాటిని చేత పట్టుకుని గడి దాటాక తొడుక్కోవాలి. లక్ష్మీనర్సమ్మ తన జత దొర ఎదుటే నేల మీద వేసి కాళ్ళు దూర్చింది. పక్కామె ఆమెను చూసింది, తనూ తొడుక్కుంది. అంచు పొడవునా తోలు చెప్పులు కిర్రుమన్నాయి. వాటిలో సగం ఐలేశం కుట్టినవే. దొర గద్దె మీద నిలబడి అంతా చూశాడు.

అంచు దాటి ఎవరూ లోపలికి పోలేదు, ఎవరూ కూర్చోలేదు. దొర రోడ్డు వేయిస్తానన్నాడు, దవాఖాన తెస్తానన్నాడు. నిలబడే విన్నారు. పాలు పిండే వేళ అయ్యేసరికి ఆయన మాట్లాడుతుండగానే ఇండ్లకు తిరిగారు.

దొర జీపెక్కాడు. రఘుపతి ఐలేశంతో ఒక్క మాటే అన్నాడు.

"పోయింది నీ చేను."

ఐలేశం తల ఊపాడు. ఆ సంగతి అతనికి గుట్ట దగ్గరే తెలుసు.

మరునాడు తెల్లవారకముందే నా బండిలో మా ఆడవాళ్ళను ఎక్కించుకుని చిట్యాలకు బయలుదేరాను. ఐలేశం, బాలనర్సమ్మ వెనక నడుస్తున్నారు. వాగు దగ్గరికి వచ్చేసరికి చేను పక్కన అతని అడుగు మందగించింది. అది చూసి లక్ష్మీనర్సమ్మ బండిలోంచి అడిగింది.

"బావా, చేనుకు కావలి ఎవరున్నరు?"

"నర్సింహ" అన్నాను.

"ఇయ్యాల నర్సింహ యాడున్నడు?"

నర్సింహ చిట్యాలలో ఉన్నాడు. రఘుపతి చిట్యాలలో ఉన్నాడు. దొర మనుషులంటూ ఉన్నవాళ్ళంతా రాత్రే పోయి డబ్బాల దగ్గర కాపలా ఉన్నారు. నేను ఎడ్లను ఆపాను. నేను ఏమీ చెప్పకముందే ఆడవాళ్ళు దిగి కొంగులు దోపుకున్నారు. వెనక నడిచి వచ్చేవాళ్ళు కూడా చూసి చేనులో దిగారు. ఎకరమెంత. ఎండ ముదరకముందే గెలలన్నీ బండికి ఎక్కాయి. ఇక మనుషులకు జాగా లేదు. బాలనర్సమ్మను మోపుల మీద కూర్చోబెట్టి మిగిలినవాళ్ళం చిట్యాలకు నడిచాం.

ఓటు వేసి నేను బడి బయట చింతచెట్టు కింద కూర్చున్నాను. కాసేపటికి ఐలేశం బయటికి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. వేలి మీది సిరా మరకను బొటనవేలితో రుద్ది చూశాడు.

"పటేలా, గీ ఓట్లు మల్లెప్పుడుంటయి?"

"అయిదేండ్లకట. ఎందుకు?"

"తొలకరికి ఒకటుంటే దున్నుకుందుననుకున్న."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. బండి మీది ఆముదం వైపు చూస్తూ, మెల్లగా, నన్ను కాకుండా ఇంకెవరినో అడిగినట్టు అన్నాడు.

"గన్నేండ్లు భూమి ఊకుంటదా?"