అక్కులమ్మ ఇంటికొచ్చిన పుట్టినరోజు

అక్కులమ్మ పుట్టినరోజు ఈ పొద్దున వచ్చి తలుపు కొడుతుంది. గడియ తీసి చూస్తే గడప అవతల నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. మనిషి పొట్టి. ముఖం మాత్రం అచ్చం అక్కులమ్మదే, ముక్కుపుడక లేదంతే.

"డెబ్బై ఏండ్లు పట్టెనా నీకు ఈ ఇంటికి రావడానికి?" అని అడుగుతుంది అక్కులమ్మ. ఇంటికొచ్చినవాళ్ళని కూర్చోమనకుండా నిలదీయడం మర్యాద కాదని ఆమెకి తెలుసు. కానీ కోపం ఆగొద్దూ!

"మీయమ్మ నాకు చెప్పిన గుర్తు ఒకటే, అక్కులూ. చెనిక్కాయల చేను అనింది. ఈ పక్క యాడ చూసినా చెనిక్కాయల చేనే కదా. ఒక్కొక్క చేన్లో అడుక్కుంటా వస్తి."

అదీ నిజమే. అనంతపురం చుట్టుపక్కల వేరుశెనగ వేయని చేను చూపించమంటే ఎవరైనా తల గోక్కోవలసిందే. పైగా అక్కులూ అని పిలిచింది. అమ్మ పోయాక ఆ పిలుపు పిలిచినవాళ్ళు లేరు. అమ్మ పోయేనాటికి అక్కులమ్మవి ఇంకా పాలపళ్ళే.

చెనిక్కాయలు పీకుతుంటే చేన్లోనే పుట్టావని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఏ రోజో ఎవరికీ గుర్తు లేదు. ఆధార్ కార్డులో జనవరి ఒకటి అని ఉందిగానీ, వీధిలో సగం మందిదీ అదే. అందరూ పంచుకుంటే మనిషికి చిటికెడు కూడా రాదు.

పుట్టినరోజు లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంటుంది. కాళ్ళు నేలకి అందవు, ఊపుకుంటూ ఉంది.

"పొద్దుగూకేలోపల నాకు తీపి పెట్టల్ల. నీ చేత్తో చేసిందే పెట్టల్ల. పెడితే ఇంక ఏటేటా నీ ఇంటికే వస్తా. లేకుంటే ఎవురు ముందు పెడితే వాళ్ళదాన్ని అయిపోతా. మా పద్ధతి అంతే."

"బెల్లంముక్క ఇస్తే సరిపోదా?"

"బెల్లం పండగలకి పెట్టు. నాకు కేకు కావల్ల. చాక్లెట్టూ చెనిక్కాయల ముద్దా వేసింది. నడిమధ్య గట్టిపడకూడదు, జారతా ఉండల్ల."

జాలి, దయ ఏమన్నా ఉందా! అక్కులమ్మ తన జన్మలో ఓళిగలు చేసింది, బొరుగుల ఉండలు చేసింది, ఊరు ఊరంతా తినేటంత రాగిసంగటి కెలికింది. కేకు మాత్రం చేయలేదు.

కోడలు నాగవేణికి వచ్చు. ఫోన్‌లో చూసి నేర్చుకుంది. ఇంట్లో ఓవెన్ లేకపోయినా కుక్కర్ అడుగున ఉప్పు పోసి, మూతకున్న రబ్బరు తీసేసి, విజిల్ పెట్టకుండా సన్నటి మంట మీద కేకు చేస్తుంది. కానీ ఆమె ఈరోజు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"నేను నోటితో చెప్తా, నువ్వు చెయ్యి అత్తా. నా చెయ్యి తగిలిందంటే అది నా వెంటపడతాది. నాకు ఉన్నది చాలు."

అదే సమయానికి ఎదురింటి సుంకమ్మ గిన్నెనిండా పాయసంతో గడపలో ప్రత్యక్షమవుతుంది. ఆమెకి ఇప్పటికే రెండు పుట్టినరోజులు ఉన్నాయి, ఒకటి అసలుది, ఇంకొకటి బడిలో అయ్యవారు వేసింది. "నేనేం అడగడం లేదబ్బా," అంటుంది ఆవిడ, మంచం వైపే చూస్తూ. "ఊరికే నిలబడినా. పొద్దుగూకితే చూద్దాం."

అక్కులమ్మ కొంగు బిగించి బాణలి పొయ్యి మీద పెడుతుంది.

గింజలు వేగుతూ ఒక్కొక్కటే చిటపటమని తాము పుట్టిన చేను పేరు చెబుతాయి. గుట్టకింది చేను. మామిడిమాను చేను. దర్గా ఎనక చేను. ఆమె ప్రతి పేరుకీ తలూపుతుంది, అన్నీ తెలిసినవే. తర్వాత గింజల్ని గుడ్డలో వేసి నలిపి, చాటలో పోసి కిటికీ దగ్గర చెరుగుతుంది. పొట్టు గాల్లోకి లేచి, కిందికి రాకుండా అలాగే పోయి సూర్యుడికి అంటుకుంటుంది.

సూర్యుడు ఎర్రబడతాడు. ఇంకా ఉదయపు పాలవాడు పోనేలేదు, వీధంతా సాయంత్రమైపోతుంది. కోళ్ళు గంపల కిందికి దూరతాయి.

"సూర్యునిపక్కకి చెరుగుతారా ఎవురన్నా?" అని కేకవేస్తుంది నాగవేణి.

"గాలి అటుపక్కకి ఉంటే నేనేం చేసేది మే!"

గడపలో సుంకమ్మ పాయసంలో చెంచా వేసుకుంటుంది.

ఇంక ఊపిరి తీసుకునే తీరిక లేదు. గింజలు మిక్సీలో పొడి అవుతాయి, పొడి ముద్ద అవుతుంది, ముద్ద నూనె విడిచి జారుతుంది. ఇంకో పొయ్యి మీద వేడినీళ్ళపైన గిన్నె పెట్టి నాగవేణి మొన్నెప్పుడో తెచ్చిపెట్టిన చాక్లెట్లు అందులో విరిచి వేస్తే, అవి కరిగి పైకి పారతాయి. గోడమీదుగా అటకెక్కి, అక్కడున్న ఇత్తడి బిందెల్ని ఒకసారి చుట్టి వస్తాయి. అక్కులమ్మ గిన్నె చూపించి "రా రా, ఆటలొద్దు" అనగానే బుద్ధిగా దిగుతాయి.

మైదా, చక్కెర, పెరుగు, చాక్లెట్ అన్నీ కలిపి సంగటి కెలికే తెడ్డుతో ఆమె కలుపుతుంది. సగం పిండి టిన్నులో పోసి, నడుమ గుంత చేసి, వేరుశెనగ ముద్ద అందులో పెట్టి, మిగతా పిండి పైన కప్పుతుంది. విత్తనం వేసినట్టే ఉంది ఈ పని, ఇంత దానికా నేను భయపడింది అనుకుంటుంది. లోపల సంతోషం పొంగుతూ ఉంది. నా కేకు. నా పుట్టినరోజుకి నేనే చేస్తున్న కేకు.

టిన్ను కుక్కర్‌లో దించి మూత పెడుతుంది. మూత మీద విజిల్ కూడా పెడుతుంది. ఇన్నేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? మూత పెట్టిన చెయ్యి విజిల్ కూడా పెట్టేస్తుంది, మనిషిని అడగదు.

కుక్కర్ కూత వేస్తుంది.

"అత్తా! విజిల్ పెడితివా? నీళ్ళు లేవు, ఆవిరి లేదు, అదెట్ల కూస్తాది?"

"విజిల్‌ని పెడితిమి కదా. దాని పని అది చేస్తాంది."

ఆ కూతకి వంటిల్లు పొడుగవుతుంది. గోడ వెనక్కి నడిచి పక్క వీధి దాటిపోతుంది. రెండో కూతకి బండల సందుల్లోంచి వేరుశెనగ మొక్కలు లేచి సాళ్ళు సాళ్ళుగా పసుపుపచ్చటి పూలు పూస్తాయి. మూడో కూతకి మంచం, దాని మీది పుట్టినరోజు, దాని పక్కనున్న గడప, గడపలో సుంకమ్మ, అన్నీ కలిసి ఆ చివరికి జరిగిపోతాయి. ఇక్కడినుంచి చూస్తే పుట్టినరోజు చీమంత కనబడుతుంది. సుంకమ్మ చెంచా మాత్రం తళతళా మెరుస్తూ బాగానే కనబడుతుంది.

"ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూడు అత్తా!"

"పుల్ల గుచ్చేలోపల అది సుంకి పాలైతాది!"

అక్కులమ్మ పాతగుడ్డతో టిన్ను పట్టుకుని పరుగందుకుంటుంది. ఆమె మోకాళ్ళు ముందు మొత్తుకుంటాయి, తర్వాత వాటికీ ఉత్సాహం వస్తుంది. సాలు వెంబడి సాలు దాటుతుంది. వెనక నాగవేణి, చేతులు ఇంకా వెనక్కే కట్టుకుని, "పడతావు, పడతావు" అంటూ నవ్వుతూ పరిగెత్తుతుంది. అక్కులమ్మకి నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. అందరికీ ఉందే! వీధి చివరి బడ్డీకొట్టుకి కూడా ప్రారంభించిన రోజని ఒకటి ఉందే, రంగుకాగితాలు కట్టి మరీ చేస్తారే! నాకొక్కటి ఉంటే ఎవరి సొమ్మేం పోయింది? అదీ ఎదురింటికి పోతే ఈ జన్మకి మళ్ళీ వస్తుందా?

చేరేసరికి సుంకమ్మ చెంచా పైకి లేచి ఉంది. పుట్టినరోజు నోరు తెరిచి ఉంది.

"ఆపు మే సుంకా!"

"ఆకలిగా ఉందని నోరు తెరిస్తే పెడతాండాను అక్కా. ఇదేమన్నా తప్పా?"

దానికి బదులు చెప్పే సమయమా ఇది! చెంచా లేదు, కత్తి లేదు. అక్కులమ్మ మంచం మీద టిన్ను పెట్టి, వట్టి చెయ్యి కేకు నడిమధ్యలో గుచ్చి, దొరికింది దొరికినట్టు తీసి పుట్టినరోజు నోట్లో పెడుతుంది. వేడివేడి చాక్లెట్, చెనిక్కాయల ముద్ద మోచేతి దాకా కారతాయి.

పుట్టినరోజు కళ్ళు మూసుకుని నములుతుంది. కాళ్ళు ఊపడం ఆపేస్తుంది.

"నడిమధ్య గట్టిపడలేదు," అంటుంది.

"జారతా ఉండల్ల అని నువ్వే అంటివి కదే!"

"అన్నా. గట్టిపడింటే లోపల ఉండేది బయటికి వచ్చేది కాదు. చెయ్యి మళ్ళా పెట్టు. పట్టుకుని పీకు."

అక్కులమ్మ మళ్ళీ చెయ్యి పెడుతుంది. వేళ్ళకి ఏదో తగులుతుంది. చూడక్కర్లేదు, చెనిక్కాయ చెట్టు మొదలు ఎలా ఉంటుందో ఆ వేళ్ళకి తెలుసు. గుంజితే కాయలు మట్టిలోనే తెగిపోతాయి కనుక నెమ్మదిగా, అటూ ఇటూ కదిలిస్తూ లాగుతుంది. చాక్లెట్ కారుతూ చెట్టు పైకి వస్తుంది. చెట్టుని అవతలి పక్కనుంచి పట్టుకున్న చెయ్యి వస్తుంది. ఆ చేతికి పచ్చగాజులున్నాయి. గాజుల వెనక భుజం, చెమటపట్టిన మెడ, ఎండకి కమిలిన ముఖం. ఇరవయ్యేళ్ళ పిల్ల టిన్నులోంచి నడుం దాకా లేచి, నుదుటిమీది చాక్లెట్ మోచేత్తో తుడుచుకుంటుంది.

"అమ్మా," అంటుంది అక్కులమ్మ.

తనకంటే యాభై ఏళ్ళు చిన్నదైన అమ్మ ఆమెని కిందినుంచి పైదాకా చూస్తుంది. నెరిసిన జుట్టు, ముక్కుపుడక, రొప్పుతున్న రొమ్ము, అన్నీ చూసి ముక్కుమీద వేలు వేసుకుంటుంది.

"అక్కులూ, అప్పుడే ఇంతయితివా? ఇంకా బొడ్డే కొయ్యలేదు కదే!"

అప్పుడు అందరూ చూస్తారు. వేరుశెనగ పువ్వునుంచి మట్టిలోకి దిగే ఊడ లాంటిదే, లేతగా, తడిగా, పొడుగ్గా, కేకు నడుమనుంచి బయలుదేరి అక్కులమ్మ బొడ్డు దాకా ఉంది. ఇన్నేళ్ళూ అది అలాగే ఉన్నట్టుంది.

నాగవేణి ఇంతసేపూ వెనక్కి కట్టుకున్న చేతులు ముందుకి తెచ్చి, వాటిలో దాచిన ఎర్ర రిబ్బన్ కత్తి అమ్మకి అందిస్తుంది. సుంకమ్మ పాయసం గిన్నె కింద పెట్టేసి, అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెడుతుంది. పుట్టినరోజు మంచం మీద నిలబడి పాట ఎత్తుకుంటుంది. అమ్మ నాలుక బయటపెట్టి, కళ్ళు చిన్నవి చేసి, ఎక్కడ కోయాలో చూసుకుని కోస్తుంది.

అక్కులమ్మ కేరుమని ఏడుస్తుంది. డెబ్బై ఏళ్ళ ఊపిరి ఒక్కసారిగా లోపలికి వెళ్ళి బయటికి వస్తుంది.

అమ్మ ఆమెని రెండు చేతులతో ఎత్తి, ఎర్రటి ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, చేనంతా వినబడేలా అరుస్తుంది.

"ఆడపిల్ల! ఇప్పుడే పుట్టింది!"