అంటు కట్టే చేతులు

స్టూలు మీద నిలబడి ఆమె కర్టెన్లు విప్పుతుంటే భర్త గుమ్మంలోంచే చెప్పాడు. "పద్నాలుగున లారీ వస్తుంది. నీకేముంది, సర్దడం అలవాటేగా!"

అలవాటే. ఇరవై రెండేళ్ళలో ఏడు ఊళ్ళు. ప్రతి బదిలీకీ ఆయన ఒక మెట్టు పైకెక్కాడు. ఆమె మాత్రం ప్రతిసారీ కొత్త వంటగదిలో, కొత్త భాషలో ఓనమాలు దిద్దుకుంది. ఒక ఊళ్ళో బడిలో పాఠాలు చెప్తూ ఏడాది తిరక్కుండానే మానుకోవాల్సి వస్తే, "అదేమన్నా ఉద్యోగమా, కాలక్షేపం" అని తేల్చేసింది అత్తగారు.

అయినా ఆ ఊళ్ళ మీద ఆమెకు కోపం లేదు. ఇసుక నేలలో దోసపాదు ఎలా నిలబెట్టాలో ఒక పొరుగావిడ చూపించింది. చలి ఊళ్ళో, ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా, ఒక ముసలావిడ జ్వరంలో ఉన్న తనకు వారం రోజులు వండిపెట్టింది. ఎక్కడ దిగినా ముందు పెరటి మట్టిని గుప్పిట్లోకి తీసుకుని నలిపి చూసేది. ఆ బుద్ధి మేనత్త పెట్టిన భిక్ష.

చిన్నప్పుడు తెల్లారకముందే తోటలో ఉండేది మేనత్తే. కొమ్మకు ఏటవాలుగా కోత పెట్టి, అంటు కట్టి, నారతో బిగించేది. కాపు విరగకాస్తే మాత్రం ఊరంతా నాన్న చేతి చలవ అనేది.

"నీ పేరు చెప్పరేం అత్తా?" అని ఉక్రోషపడింది తొమ్మిదేళ్ళప్పుడు.

మేనత్త నవ్వింది. "చెట్టుకు తెలుసులేవే. నీకు నేర్పుతున్నాగా, అది చాలు నాకు."

ఈ ఊళ్ళో వీధి చివర మొక్కల నర్సరీ ఉంది. రెండేళ్ళుగా ఊరికే వెళ్ళి అంట్లు కట్టి వస్తోంది. కిందటి వారం నర్సరీ పెద్దావిడ ఆమె చేతులు పట్టుకుంది. "నాకు చూపు ఆనడం లేదమ్మా. అంట్లు కట్టే పని నువ్వు చూసుకో. జీతమిస్తాను. కాదనకు."

ఆమె స్టూలు దిగింది. "నేను రావడం లేదండీ. నర్సరీలో పనికి ఒప్పుకున్నాను."

"మట్టి పిసుక్కోవడానికా?"

"అవును. నాకు బాగా వచ్చిన పని అదే."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "మరి నా సంగతి?" అన్నాడు.

"రెండు కంచాలు, చిన్న కుక్కరు విడిగా పెట్టాను. సెలవులకి రండి, ఎదురుచూస్తుంటాను."

ఆయన ఆ కుక్కరు వైపు బిక్కమొహంతో చూశాడు. "అన్నానికి ఎన్ని విజిళ్ళు?"

ఇంటిపని గురించి ఆయన ఒక మాట అడగడం అదే మొదలు. ఆమెకు నిజంగానే సంతోషం వేసింది.

"చెప్తాను, రాసుకోండి" అంది.