పెద్ద గుండీల చొక్కా

డబ్బాను నీళ్ళలో ముంచి, కాసేపు ఆగి, వంచాడు. ఐసు దిమ్మ జారి చెక్కల మీద పడింది. కొక్కెంతో దాన్ని పక్కకు లాగి మరో డబ్బా అందుకున్నాడు. ఐసు ఫ్యాక్టరీలో అందరూ అతన్ని పెద్దాయన అంటారు. పెళ్ళికి ముందు నుంచీ ఇదే పని. వేళ్ళకు స్పర్శ పోయింది. చొక్కా గుండీలు చేతికి తెలియడం లేదని భార్య వాటిని పీకేసి, కోటుకు వాడే పెద్ద గుండీలు కుట్టింది.

మిషన్ గది తలుపు పక్కన గోడకు మేకులున్నాయి. లోపలికి వెళ్ళేవాడు చొక్కా విప్పి మేకుకు తగిలించాలి. బయటికొచ్చాక తొడుక్కోవాలి. ఐసు గడ్డకట్టించే అమ్మోనియా గ్యాసు లీకైతే లోపల ఎవరున్నారో ఆ చొక్కాలే చెబుతాయి. యజమాని పెట్టిన రూలు కాదు, పనివాళ్ళు పెట్టుకున్నది.

మిషన్ చూసుకునేది పెద్దాయన బావమరిది. ఇద్దరు పిల్లల తండ్రి. చొక్కా తగిలించి, బనీనుతోనే వెనక తలుపు గుండా టీ కొట్టుకు పోతుంటాడు. చొక్కా చూసి మనిషి పనిలో ఉన్నాడనుకుంటాడు సూపర్‌వైజర్. ఆ ఉద్యోగం ఇప్పించింది పెద్దాయనే. తమ్ముణ్ణి ఓ కంట కనిపెట్టమని భార్య ఆ పొద్దున కూడా చెప్పి పంపింది.

అందుకని తలుపు దగ్గర ఆపి అడిగాడు.

"ఏరా, ఇవాళ డ్యూటీ నీదా, నీ చొక్కాదా?"

"చొక్కాకి ప్రమోషన్ ఇస్తారంట బావా."

"నవ్వులాట కాదురా. మీ అక్కకి నేను జవాబు చెప్పుకోవాలి."

బావమరిది నవ్వు ఆపాడు. "సరే, ఇంక పోను. అక్క మీద ఒట్టు."

భోజనాలయ్యాక లోపల గ్యాసు పైపు పగిలింది. అందరూ ఆవరణలోకి పరిగెత్తారు. ఉన్న ఒక్క గ్యాసు మాస్కూ మిషన్ గదిలోనే ఉండిపోయింది. ఫైరింజనుకు ఫోను చేశారు. పెద్దాయన మేకుల వైపు చూశాడు. బావమరిది నీలం గళ్ళ చొక్కా వేలాడుతోంది.

లారీ డ్రైవర్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "వాడి సంగతి తెలీదా? టీ కొట్టు దగ్గరుంటాడు."

"లేదు. ఒట్టేశాడు."

తువ్వాలు తడిపి ముఖానికి చుట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి, అంత తొందరలోనూ గుండీలు విప్పి, చొక్కాను పక్క మేకుకు తగిలించాడు. ఆ తర్వాత లోపలి నుంచి "చిన్నోడా" అని రెండుసార్లు వినబడింది. తమ్ముణ్ణి అక్క పిలిచే పిలుపు అది.

బావమరిది వెనక సందులోంచి బనీనుతో వచ్చాడు. చేతిలో టీ గ్లాసు ఉంది. రెండు చొక్కాలు చూశాడు. బయటే ఉన్నానని తలుపులోకి అరిచాడు. జవాబు రాలేదు. దూకబోతే నలుగురు పట్టుకున్నారు.

ఫైరింజను వాళ్ళు పెద్దాయన శవాన్ని మిషన్ వెనక మూల నుంచి తెచ్చారు. బావమరిది కూర్చునే స్టూలు అక్కడే ఉంటుంది. గ్యాసు కట్టే వాల్వు ఇవతలి గోడకుంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వాల్వు కట్టబోయి ప్రాణమిచ్చాడని, వీరుడని యజమాని విలేకరులతో చెప్పాడు. కాదని ఎవరూ అనలేదు. అంతా రాత అన్నాడు డ్రైవర్.

భార్య ఏడవలేదు. తమ్ముణ్ణి ఒక్కటే అడిగింది.

"లోపల ఎవరున్నారని వెళ్ళార్రా ఆయన?"



మర్నాడు షిఫ్టుకొచ్చినవాళ్ళు తలుపు దగ్గర ఆగిపోయారు. నీలం గళ్ళ చొక్కా లేదు. ఆ పక్క మేకుకు పెద్ద గుండీల చొక్కా వేలాడుతూనే ఉంది.