మోకు పేనిన చేతులు

గ్రీష్మర్తువు కడపటి దినములవి. ప్రచండమార్తాండకిరణసంతాపమున నేల నెఱియలువాఱి పచ్చికలు మాడి పక్షులు సైతము నోళ్లు తెఱచికొని తుమ్మకొమ్మలపై నిశ్చేష్టములై యుండెను.

సముద్రతీరమునందలి గరువుపాలెమున కొబ్బరిపీచుతో మోకులు పేనించు కర్మశాల యొకటి కలదు. దాని పూర్వాధికారి జరిమానాలచేతను దుర్భాషలచేతను పనివారిని భయపెట్టియు పని బాగుచేయింపజాలడయ్యెను. వారిలో మిక్కిలి నేర్పుగల పైడితల్లి సయితము ప్రొద్దు గ్రుంకుటకై యెదురుచూచుచు పురి వదులుగానే వేయుచుండెను. క్రొత్తగా వచ్చిన యధికారి జోగిపంతులు మృదుస్వభావుడు. తాము పేనునది యెవరి కక్కఱకు వచ్చునో యెఱుగనివారికి పనియందు మక్కువ యెట్లు కలుగునని తలపోసి యాతడొక యపరాహ్ణమున వారి నెల్ల వెంటబెట్టుకొని తమ మోకును కొనిపోయిన పొరుగూరి నూతికడకు జనెను.

అచట అసిరయ్య యను కూలివాడు మోకు నడుమునకు గట్టుకొని యగాధమగు నూతిలో పూడిక తీయుచుండెను. ఒడ్డున నున్న యాతని భార్య గౌరమ్మకు పంతులు తనవారిని జూపి వీరే యీ మోకు పేనినవారని యెఱిగించుచుండగానే నూతిగోడ విఱిగిపడిన భయంకరధ్వని వినవచ్చెను.

"లాగండ్రా బాబూ! లాగండి!" అని గౌరమ్మ కెవ్వున నఱచెను.

ఒడ్డుననున్న మగవారు బలముకొలది లాగిరి. మోకు నూతియొరను రాచుకొని కిఱ్ఱున మూలుగుచుండగా నొక పురి ఫెళ్లున దెగెను.

గౌరమ్మ పాలిపోయిన మొగముతో పనివారివంక దిరిగి "ఇది పేనినోలు మీలో ఎవులమ్మా? ఆగుతాదా? సెప్పండమ్మా!" అని యడిగెను.

పైడితల్లి యా వదులుపురిని జూచి తన చేతిపనిని గుర్తించెను. ఆగునని చెప్పుటకు ధైర్యము చాలక ఆగదని చెప్పుటకు నోరాడక యామె యొక్క పెట్టున ముందుకుఱికి యొరపై బోరగిలబడి తెగినచోటికి దిగువను మోకును రెండుచేతులతో బట్టుకొనెను. తోడివా రామె నడుమును బట్టిరి. పంతులును బట్టెను. పీచు చర్మమును కోయుచుండినను విడువక లాగిలాగి తుదకు బురదముద్దవలెనున్న యసిరయ్యను పైకి దెచ్చిరి. కొంతసేపటి కాతడు దగ్గి యూపిరి పీల్చెను.

గౌరమ్మ రక్తసిక్తములైన పైడితల్లి చేతులను కన్నులకద్దుకొని వెక్కివెక్కి యేడ్చెను. ఆ కృతజ్ఞత పైడితల్లికి దండనకంటె దుస్సహమయ్యెను. పనియొక్క ఘనతను గూర్చి ప్రసంగింప దలచివచ్చిన పంతులు ఆ తలపు విడిచి తన యుత్తరీయమును చించి యామె చేతులకు కట్టుగట్టి మరలెను.

మఱునాటి యుదయమున పైడితల్లి కట్టలుగట్టి యుంచిన మోకులను విప్పుచుండెను.

"ఇదేమి పైడితల్లీ?" అని పంతులడిగెను.

"మల్లీ పేంతాను బాబూ. ఇయ్యి ఎవులు కట్టుకుంటారో!"

పంతులు తలయూచెను. తక్కినవారును వచ్చి యామె చెంత గూర్చుండిరి. నాటినుండి యామె బిగించు ప్రతిపురియందును మొగమెఱుగని మానవుడొకడు చీకటిలో వ్రేలాడుచున్నట్లు తోచుచుండెను. పూర్వాధికారి కలిగించిన భయము సాయంకాలమునకు దీరిపోయెడిది. ఈ భయము దీరలేదు. దానిని పోగొట్టుకొనవలెనని యామెయు గోరలేదు.