టీచరమ్మ పంపిన సంచి

చెత్త వేరుచేయడంలో రాష్ట్రం మొత్తం మీద మా వార్డే ముందుండాలని పైనుంచి హుకుం వచ్చింది. ప్రతి గేటుకూ ఒక కోడ్ పలక బిగించారు. చెత్త తూచి ఆ పలకను ఫోన్‌తో స్కాన్ చేయాలి. ఏ ఇంటినుంచైనా మూడు రోజులు చెత్త రాకపోతే వాళ్ళ బంధువులకు కబురు వెళ్తుంది. నెలంతా నూటికి నూరు వస్తే షెడ్డులో చెత్త వేరుచేసే ఆడవాళ్ళ ఉద్యోగాలు పర్మనెంటు. వాళ్ళలో మా వదిన ఒకతె. పన్నెండేళ్ళుగా రేపోమాపో అంటూ ఆమెను తిప్పుకుంటున్నారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

పద్దెనిమిదో రోజు ఉదయం, సందు చివర ఒంటరిగా ఉండే టీచరమ్మ తలుపు తీయలేదు. ఒక్క ఇంటి కోసం నూరు పోగొట్టుకోవాలా? సూపర్‌వైజర్‌ని కదా, పలకల ఫోటోలన్నీ నా దగ్గరున్నాయి. ఆఫీసులో కూర్చునే స్కాన్ చేసి, ఏడు వందల గ్రాములని కొట్టేశాను. మర్నాడూ, ఆపై ప్రతి రోజూ అంతే. ఊరెళ్ళి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సంచి ముడి చూసి అది ఏ ఇంటిదో చెప్పగలదు మా వదిన. టీచరమ్మ ముడి వారం నుంచి రావడం లేదని, ఒకసారి వెళ్ళి చూసి రమ్మని అంది. నెల గడవనీ అని విసుక్కున్నాను.

మర్నాడు షెడ్డులో చెత్త కదిలే బెల్టు మీద ఆ ముడి కనిపించింది. చెత్త బండివాణ్ణి అడిగితే ఆ గేటు దగ్గర అసలు ఆగనే లేదన్నాడు. తూచాను. ఏడు వందలు. లోపల కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు, చక్కగా మడిచిన పేపర్లు. అన్నిటి మీదా ఆ రోజు తేదీయే ఉంది. మరుసటి రోజు కావాలనే ఆరు వందల నలభై అని కొట్టి షెడ్డుకు పరిగెత్తాను. సంచి వచ్చి ఉంది. ముల్లు సరిగ్గా ఆరు వందల నలభై దగ్గర ఆగింది.

వదిన ఆ సంచిని ముట్టుకోలేదు.

"నువ్వు కొడుతున్నావు కాబట్టి ఆవిడ పంపిస్తోంది," అంది మెల్లగా. "ఇక ఆవిణ్ణి వదిలెయ్, మరిదీ."

అప్పుడు కదిలాను. తలుపుకు లోపల గడియ. పగలగొట్టించాం. టీచరమ్మ వంటగది నేల మీద ఉంది. పడిన తర్వాత అయిదు రోజులు బతికే ఉందని, ఆ తర్వాతే పోయిందని డాక్టరు చెప్పాడు. కబురు మూడో రోజునే వెళ్ళాల్సింది. ఆపినవాణ్ణి నేనే.

మర్నాడు టీచరమ్మ కూతురు నన్ను వెతుక్కుంటూ ఆఫీసుకు వచ్చింది. రోజూ సాయంత్రం ఫోన్‌లో అమ్మ చెత్త బరువు చూసుకుని నిశ్చింతగా ఉండేదట. పద్దెనిమిది నుంచి ప్రతి తేదీ పక్కనా చెత్త తీసుకున్నవాడిగా నా పేరే ఉంది. నెలకు ఇంకా రెండు రోజులు మిగిలున్నాయి.

"డాక్టరు పొరబడ్డాడండీ," అంది. "మొన్నటిదాకా అమ్మ మీ చేతికే చెత్త ఇచ్చింది కదా. ఆఖరిసారి ఏమైనా అందా?"

నిజం చెప్పాలనే నోరు తెరిచాను.

"బాగానే ఉన్నానందమ్మా," అన్నాను.