షెన్‌నోంగ్ నమిలిన ఆకు

చైనాలోని చావ్‌జౌ ఊళ్ళో ఎంతమంది వచ్చినా టీ పళ్ళెంలో మూడే బుల్లి కప్పులుంటాయి. భార్య పోయాక హువాంగ్‌తో వాటిని పంచుకునేది పక్కింటి షు ఒక్కడే. ఇప్పుడు అతనూ అలిగి రావడం మానేశాడు. గొడవల్లా, టీని మొదట కనిపెట్టాడని చెప్పుకునే పురాణకాలపు షెన్‌నోంగ్ చక్రవర్తి గురించే. టీ ఆకు గాలికి ఎగిరి ఆయన వేడినీళ్ళలో పడిందని షు అంటాడు. కాదు, విషపు మొక్కలు రుచి చూసి, విరుగుడుగా ఆ ఆకు నమిలాడని హువాంగ్ పట్టుదల.

ఆ మధ్యాహ్నం షు పెళ్ళి విందు నుంచి పొట్ట పట్టుకుని వస్తూ హువాంగ్ గుమ్మం ముందు ఆగాడు.

"బాతు మాంసం బాగా లాగించినట్టున్నావే!" అన్నాడు హువాంగ్, కప్పులు నింపుతూ.

"నీకెందుకురా?"

"ముందు తాగి చావు."

షు మూడు కప్పులూ వరసగా ఊదుకుంటూ తాగాడు. కాసేపటికి వీధంతా వినిపించేలా త్రేన్చాడు. ముఖం తేటపడింది.

"నువ్వన్నదే నిజంరా. ఆయన నమిలే ఉంటాడు," అని లేచి ఇంటిదారి పట్టబోయాడు.

హువాంగ్ మాట నెగ్గింది. కానీ షు వెళ్ళిపోతున్నాడు.

"ఏమోరా, ఆలోచిస్తే గాలికి పడిందనే అనిపిస్తోంది," అన్నాడు హువాంగ్.

"ఏంటీ! ఇప్పుడు మాట మారుస్తావా?" షు వెనక్కి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

హువాంగ్ నవ్వు దాచుకుంటూ మళ్ళీ నీళ్ళు పెట్టాడు.